టోకెన్ లేని కోడిపుంజు

ఆదివారం పొద్దున్న పళ్ల డాక్టరుగారు, తన క్లినిక్‌లో పనిచేసే ఆవిడ ఇంటికి మొట్టమొదటిసారి వచ్చి, గేటు తోసి, లోపలికి ఒక అడుగు వేశారు. ఆ అడుగు సరాసరి ఊదారంగు నీళ్లున్న ప్లాస్టిక్ బేసిన్‌లో పడింది. కొత్త తోలుబూటు లేసుల దాకా మునిగింది. డాక్టరుగారు కిందికి చూశారు. తరవాత వరండాలో నిలబడ్డ ఆవిడ మొహంలోకి చూశారు. అక్కడ ఆశ్చర్యం లాంటిదేమీ కనిపించలేదు. ఈ ఇంట్లో ఇదొక మర్యాద కాబోలు అనుకున్నారో ఏమో, రెండో బూటు కూడా నిదానంగా ఎత్తి, మొదటిదాని పక్కన ముంచారు.

“ఎంతసేపు ఉండాలమ్మా?” అన్నారు, చేతులు కట్టుకుని.

“చాలండి, వచ్చేయండి. చెప్పులు విప్పి కాళ్లు ముంచమని బోర్డు రాయించామండి. మా ఆయన దాన్ని గేటుకి లోపలివైపు తగిలించారు.”

డాక్టరుగారు వెనక్కి తిరిగారు. బయటికి వెళ్లేవాళ్లకి చక్కగా కనబడేలా, గుండ్రటి అక్షరాలతో బోర్డు ఉంది. ఆయన దాన్ని చివరిదాకా చదివి, తల పంకించి, అడుగడుక్కీ పచక్ పచక్‌మంటూ వరండా ఎక్కారు. కుర్చీలో కూర్చున్నారు. ఇచ్చిన కాఫీ తాగారు. ఎండలు ముదురుతున్నాయన్నారు. ఏదో అడుగుదామని వచ్చిన మనిషి అదేమిటో మరిచిపోయి, వెళ్తూ వెళ్తూ ఇంకోసారి బేసిన్‌లో కాళ్లు ముంచి మరీ వెళ్లిపోయారు.

ఆయన అడగాలనుకున్నదేమిటో ఆవిడకి తెలుసు. అందుకే గుర్తు చెయ్యలేదు.

ఆవిడని ఆ వీధిలో అందరూ టోకెన్ పిన్ని అంటారు. క్లినిక్ ముందు గదిలో ఒక బల్ల, బల్ల మీద అంకెలు చెక్కిన ఇత్తడి బిళ్లలు, బల్ల వెనక పిన్ని. బిళ్ల తీసుకున్నవాళ్లు కూర్చోవాలి, పిలిస్తే లేవాలి. అంతకు మించి ఆ గదిలో మాట్లాడుకోవడానికి ఏమీ లేదని పిన్ని నమ్మకం. ఒకసారి సొంత అన్నయ్య బుగ్గ బూరెలా వాచి, కళ్లనీళ్లతో వస్తే, “నొప్పి అందరికీ నొప్పే అన్నయ్యా, కూర్చో,” అని బిళ్ల చేతిలో పెట్టింది. ఇంకోసారి డాక్టరుగారి అత్తగారే పళ్లసెట్టు చేత్తో పట్టుకుని వస్తే ఆవిడకీ బిళ్ల ఇచ్చింది. అత్తగారు నోట్లో పళ్లు లేకపోవడంవల్ల గట్టిగా తిట్టలేకపోయారు. ఇంటికెళ్లాక అల్లుణ్ని తిట్టారట. డాక్టరుగారు ఆ నెలలోనే పిన్ని జీతం పెంచారు. రెండింటికీ సంబంధం ఉందో లేదో ఎవరూ అడగలేదు.

ఇంత కట్టుదిట్టమైన మనిషి జీవితంలో ఒక్కసారి, ఒక్కరిని, టోకెన్ లేకుండా లోపలికి పంపింది. ఆ వచ్చినవాడు కోడిపుంజు.

పిన్ని ఇంటి వెనక పెరట్లో కోళ్లుండేవి. గూడు కట్టింది బాబాయి. ఆయన బల్లలకి, బీరువాలకి పాలిష్ పెట్టే మేస్త్రి. చేతికి ఏ చెక్క దొరికినా మెరిసేదాకా వదలడు. అందుకని గూటి తలుపు వాళ్లింటి వీధి తలుపు కన్నా దర్జాగా ఉండేది. దారిన పోయేవాళ్లు ప్రహరీ మీంచి చూసి, పెరట్లో అద్దెకెవరైనా దిగారా అని అడిగేవాళ్లు. కోళ్లలో ఒకదాని పేరు మేస్త్రి. అది ఎక్కడ ఎవరు ఏ పని చేస్తున్నా వెళ్లి నిలబడి తల ఎగరేస్తూ చూస్తుంది. ఒకటి గయ్యాళి. రెండు కవలలు. ఒకటి నంగనాచి. ఏమీ ఎరగనట్టు ఓ మూల నిలబడి, అందరూ పోయాక గిన్నె ఖాళీ చేసే రకం. ఆ నంగనాచి గూట్లో పడుకునేది కాదు. అంత మెరిసే తలుపు పెట్టినా సరే, సాయంత్రమయ్యేసరికి నిచ్చెన మెట్లెక్కి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేది. “దానికి పాలిష్ వాసన పడదు,” అనేది పిన్ని. బాబాయి కాస్త నొచ్చుకునేవాడు.

బాబాయికి ఓ అక్క ఉంది. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ని ఆవిడే పెంచింది. గొంతు పెద్దది, చెయ్యి కూడా పెద్దది. తమ్ముడింటికి ఉత్తచేతులతో రావడం ఆవిడకి చేతకాదు. ఒకసారి తలగడలు తెచ్చింది, ఒకసారి రోలు తెచ్చింది. ఆ మారు సంతలోంచి పుంజుని తెచ్చింది. రాగిరంగు మెడ, నల్లటి తోక, నడిస్తే ఊరేగింపే.

“చూడవే మరదలా, ఎలా ఉన్నాడో! సంతంతా వీడి వెనకే తిరిగింది,” అంది ఆడపడుచు.

“బాగున్నాడు వదినా. రెండు మూడు రోజులు వరండాలో బుట్ట కింద ఉంచి, తరవాత కలుపుదాం,” అంది పిన్ని. జబ్బూ గిబ్బూ ఆలోచించి అన్నమాట కాదది. కొత్తవాళ్లెవరొచ్చినా కాసేపు కూర్చోబెట్టడం ఆవిడ చేతికి అలవాటు.

ఆడపడుచు మొహం ఎర్రబడింది. “అంటే నేను తెచ్చింది కూడా నీ దగ్గర లైన్లో నిలబడాలా? వీణ్ని పరాయివాడిలా చూస్తావేమిటే? మన ఇంటి మనిషే అనుకో!”

బాబాయి పిన్ని వంక బతిమాలుతున్నట్టు చూశాడు. పిన్ని ఒక క్షణం ఊగిసలాడింది. ఈలోపు ఆడపడుచే పెరట్లోకి నడిచి, తళతళలాడే తలుపు తీసి, పుంజుని లోపలికి వదిలేసింది. వాడు గుమ్మంలో నిలబడి, రెక్కలు విదిల్చి, ఒక్క తుమ్ము తుమ్మాడు.

“చిరంజీవ,” అంది ఆడపడుచు.

వాడు చిరంజీవి కాలేదు. ముందు వాడే మూల కూర్చున్నాడు. తరవాత కవలలు మెడలు వంకర తిప్పుకుని, నోళ్లు తెరిచి, గాలి కోసం ఆయాసపడ్డాయి. మేస్త్రి అందరి పనులూ పర్యవేక్షించడం మానేసింది. గయ్యాళి నోరెత్తలేదు. గయ్యాళి మౌనంగా ఉండటం చూశాకనే పిన్నికి భయం వేసింది. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసేసరికి మందుకి అందే స్థితిలో ఒక్కటీ లేదు. “కొక్కెర తెగులు,” అంది ఆవిడ. “కొత్త పక్షినేమైనా తెచ్చారా?”

పిన్ని నోరు తెరిచింది. బాబాయి దగ్గాడు. పిన్ని నోరు మూసుకుంది. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగలేదు. జవాబు దొరికిందన్నమాట.

బాబాయి పెరటి చివర లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి, అన్నిటినీ పూడ్చాడు. పిన్ని ఆ రోజు క్లినిక్‌కి సెలవు పెట్టలేదు. బల్ల వెనకే కూర్చుంది. ఒక బిళ్లని ఇద్దరికి ఇచ్చింది. ఆవిడ ఉద్యోగంలో అలాంటిది ముందెన్నడూ జరగలేదు. ఆ ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడితే, “ఎవరైనా ఒకరు కూర్చోండి,” అంది గానీ ఎవరో చెప్పలేకపోయింది.

మిగిలింది నంగనాచి ఒక్కతే. నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని, కింద జరిగిన గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు ఈకలు దువ్వుకుంటోంది.

సంగతి తెలిసి ఆడపడుచు ఫోన్ చేసింది. ఫోన్ బల్ల మీదే ఉన్నా మాటలు వంటింట్లోకి వినపడ్డాయి. “లక్షణమైన పుంజుని ఇస్తే చంపుకున్నారట్రా! నీ పెళ్లానికి పొద్దస్తమానం డ్యూటీ. వేళకి ఇన్ని గింజలు వేసే దిక్కుండాలి కదా! నోరులేని జీవాలు, ఆకలితో పోయాయి!”

పిన్ని గరిట పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. బాబాయి ఫోన్ పెట్టేసి, గరిటకి అందనంత దూరంలో నిలబడ్డాడు.

“ఇదిగో, అక్కతో అనకు. తన చేత్తో తెచ్చిందే ఇంత పని చేసిందని తెలిస్తే తట్టుకోలేదు. వారం రోజులు అన్నం తినదు. నన్ను పెంచిన మనిషి.”

“నేను ఆకలికి మాడ్చి చంపానని ఊరంతా చెబుతోంది కదండీ!”

“చెప్పనీ. నువ్వు మాడ్చవని నాకు తెలుసు కదా,” అని బాబాయి తన పొట్ట చూపించాడు.

ఆ పొట్టే సాక్ష్యం అయింది. పిన్ని నోటికి తాళం వేసుకుంది. అయితే తాళం వేసుకోవడం వేరు, మరిచిపోవడం వేరు. ఆడపడుచు కూరలబండి దగ్గర, టైలరు దగ్గర, ఆఖరికి క్లినిక్‌లో బుగ్గ పట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర కూడా ఈ ఆకలి కథ చెప్పింది. విన్నవాళ్లు పిన్నిని పలకరించి, “కోళ్లు పాపం…” అని ఆగిపోయేవాళ్లు. పిన్ని బిళ్ల అందించి, “కూర్చోండి,” అనేది. మళ్లీ కోళ్లని పెంచి, గుండ్రంగా, నిగనిగలాడుతూ వీధిలో అందరికీ కనబడేలా పెరట్లో తిప్పితే తప్ప తన మీద పడ్డ మచ్చ పోదని ఆవిడ నిశ్చయానికి వచ్చేసింది.

పశువుల డాక్టరమ్మ ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషి. “గూడు కడగాలి, సున్నం వెయ్యాలి, పాత గడ్డి కాల్చెయ్యాలి, గిన్నెలు ఎండలో పడెయ్యాలి. కొన్ని వారాలు ఒక్క పక్షి కూడా పెరట్లో అడుగు పెట్టకూడదు. కొత్తవి సంతలో కొనకూడదు, పొదిగించే ఫారంలో పిల్లల్నే తెచ్చుకోవాలి, కంట్లో చుక్కల మందు వెయ్యాలి. మనుషుల కాళ్లకంటుకుని కూడా జబ్బు వస్తుంది. గేటు దగ్గర బేసిన్‌లో పర్మాంగనేట్ నీళ్లు పెట్టండి. వేరే కోళ్లని ముట్టుకున్నవాళ్లని ఆ రోజుకి అసలు రానివ్వకండి.” అప్పుడు ఊపిరి తీసుకుంది. “ఆ మిగిలిన పెట్ట ఉందే, అది బతికింది గానీ జబ్బుని మోస్తూ ఉండొచ్చు. దాన్ని పిల్లలతో కలపకూడదు.”

“కలపకపోతే మరేం చెయ్యాలి?” అంది పిన్ని.

“వేరే చోట ఉంచాలి. చోటు లేకపోతే…” అని డాక్టరమ్మ మెల్లిగా భుజాలు ఎగరేసింది.

బాబాయి నేల చూపులు చూశాడు. నంగనాచి మీదినుంచి ముగ్గుర్నీ చూసింది. పిన్ని ఆ రాత్రి వంట చేస్తూ మూడుసార్లు బయటికి వచ్చి ట్యాంకు వైపు చూసింది. అందర్నీ పోగొట్టుకుని మిగిలినదాన్ని, మిగిలినందుకే పంపెయ్యడం ఆవిడకి మనసొప్పలేదు. పైగా అది ఒక్కతే ఆవిడ మాట వినేది కాదు. అలాంటివాళ్ల మీద పిన్నికి మొదటినుంచీ కొంచెం గౌరవం.

మర్నాడు పిన్ని క్లినిక్‌కి ఎప్పటికన్నా పెద్ద సంచీతో వెళ్లింది. క్లినిక్ మేడ మీద పనికిరాని పాత కుర్చీ ఒకటి, నీడకి రేకు, ఎవరూ ఎక్కని మెట్లు ఉన్నాయి. తాళంచెవి పిన్ని దగ్గరే ఉంటుంది. పేషెంట్లు పడుకునే ఆ వెనక్కి వాలే కుర్చీలో గడ్డి పరిచేసరికి, నంగనాచి ఎక్కి కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుంది. జన్మలో మొదటిసారి దానికి నచ్చిన గూడు దొరికింది. మేడకి వేరే చెప్పులు, పైన ఒక పాత కోటు, దిగాక సబ్బుతో చేతులు. డాక్టరమ్మ చెప్పిందానికన్నా ఒకటెక్కువే పాటించింది పిన్ని. పాటించనిది ఒక్కటే, డాక్టరుగారితో చెప్పడం.

నంగనాచి పేరు నిలబెట్టుకుంది. క్లినిక్ ఖాళీగా ఉన్నంతసేపూ ఉలుకూ పలుకూ లేదు. కింద డాక్టరుగారు మిషను మొదలుపెట్టి, పేషెంటు ప్రాణాలు బిగబట్టిన క్షణంలోనే గుడ్డు పెట్టి, మేడంతా మారుమోగేలా చాటింపు వేసేది. “పైన ఏమిటి డాక్టరుగారూ?” అని పేషెంటు నోట్లో దూదితోనే అడిగేవాడు. “మిషను పాతదైంది,” అనేవారు డాక్టరుగారు. తరవాత మిషను ఆపి చూసేవారు. అప్పుడు నిశ్శబ్దం. అలా కొన్నాళ్లు ఆయన తన చెవుల్ని అనుమానించారు. ఆ తరవాత మేడమెట్ల తాళం మీద అనుమానం వచ్చి, ఆ ఆదివారం పొద్దున్న కొత్తబూట్లు వేసుకుని పిన్ని ఇంటికి బయల్దేరారు. మిగతాది మొదటే చెప్పుకున్నాం.

సోమవారం ఆయన రబ్బరు చెప్పులతో క్లినిక్‌కి వచ్చారు. పాదాలు చీలమండల దాకా ఊదా పోయి గోధుమరంగుకి తిరిగాయి. పర్మాంగనేట్ అంటే అంతే, వచ్చేటప్పుడు ఒక రంగు, ఉండిపోయేటప్పుడు ఇంకో రంగు. అప్పటికే ఆ వీధిలో పాలమనిషికి, గ్యాసుబండ అబ్బాయికి, కరెంటు మీటరు చూసే అతనికి అరికాళ్లు ఆ రంగే. చెప్పుల షాపతను కాళ్లు చూసే, “టోకెన్ పిన్ని ఇంటికెళ్లొచ్చారా?” అంటున్నాడట.

డాక్టరుగారి బల్ల మీద తెల్లటి దూది మధ్య గుడ్డు ఒకటి ఉంది.

“ఇదేమిటమ్మా?”

“మేడ అద్దె అండి,” అంది పిన్ని.

డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. మొత్తం కథ విన్నారు. విని, చాలాసేపు పాదాల వంక చూసుకున్నారు.

“మా అత్తగారికి టోకెన్ ఇచ్చావు. దానికిచ్చావా?”

“లేదండి. అది ఎమర్జెన్సీ.”

ఆయన గుడ్డుని దీపానికి ఎదురుగా పట్టుకుని, పన్ను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. “బాగుంది,” అన్నారు. “ఉన్నన్నాళ్లు ఉండనీ. మిషను వేసేటప్పుడు మాత్రం అరవద్దని చెప్పు.” చెప్పి చూస్తానంది పిన్ని.

ఇంటి దగ్గర వారాలు గడవడమే కష్టంగా ఉంది. గూడు సున్నం కొట్టుకుని ఖాళీగా తెల్లగా నిలబడింది. పొద్దున్నే పిన్ని చెయ్యి దానంతటదే గింజల డబ్బాలోకి వెళ్లేది. గుప్పెడు తీసి పెరట్లోకి వచ్చాక ఎవరూ లేరని గుర్తొచ్చేది. గింజలు చల్లితే పిచ్చుకలు వస్తాయి, పిచ్చుకలూ పక్షులే, డాక్టరమ్మ ఒప్పుకోదు. మళ్లీ డబ్బాలో పోసేది. అందరినీ నిరీక్షించమనే మనిషికి నిరీక్షణ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. దాని ఫలితంగా క్లినిక్‌లో ముసలివాళ్లకి బిళ్లతోపాటు మంచినీళ్లు కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మార్పుకి వీధి వీధంతా కంగారుపడింది.

ఆ ఖాళీ రోజుల్లో బాబాయి ఊరుకోలేదు. గూటి తలుపుకి కొత్త పాలిష్ పెట్టాడు. మళ్లీ ఎందుకని పిన్ని అడిగితే, “రాబోయే కోడిపిల్లలకి అందులో వాటి మొహాలు కనబడాలి,” అన్నాడు.

పిల్లలు చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో వచ్చాయి. పెట్టె మూత తియ్యగానే పసుపు కుప్ప ఒకటి కదిలింది. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలవుతుందో తెలియలేదు. వంటింటి మూల బల్బు వేలాడదీసి, కింద ఊక పరిచి, వాటికి వెచ్చగా ఉండేలా చూశారు. పశువుల డాక్టరమ్మ చుక్కల మందు మంచుముక్కల మధ్య పెట్టి తెచ్చింది. చిక్కు అక్కడే వచ్చింది. ఒకదాని కంట్లో చుక్క వేసి వదిలితే అది మిగతావాటిలో కలిసిపోతుంది. ఎవరికి పడిందో ఎవరికి పడలేదో దేవుడికే తెలియాలి.

“జరగండి డాక్టరమ్మా, ఇది నా పని,” అంది పిన్ని.

ఇంకో అట్టపెట్టె తెచ్చింది. మధ్యలో తను కూర్చుంది. “నెక్స్ట్!” అంది అలవాటుగా. బాబాయి ఉలిక్కిపడి, ఒక పిల్లని అందించాడు. డాక్టరమ్మ చుక్క వేసింది. పిన్ని అది రెప్ప మూసి తెరిచేదాకా ఆగి, రెండో పెట్టెలో పెట్టింది. “నెక్స్ట్!” పెట్టె ఖాళీ అయ్యేదాకా ఒక్కటి కూడా వరస తప్పలేదు. ఇంత శుభ్రమైన పని తను ఫారాల్లో కూడా చూడలేదంది డాక్టరమ్మ. పిన్ని ఒప్పుకోలేదు. చివరి పిల్ల కాస్త తోసుకొచ్చిందంది.

పిల్లలు బల్బు కింద ఈకలు తొడుక్కున్నాయి. తరవాత పెరట్లోకి మారాయి. అద్దంలాంటి తలుపులో తమ మొహాలు చూసుకుని, ఎవరో కొత్తవాళ్లొచ్చారని రోజూ ఓ గంట దాంతో పోట్లాడాయి. వాటిలో ఒకదాని వాలకం చూసి పిన్ని చప్పున దానికి మేస్త్రి అని పేరు పెట్టింది. బాబాయి గట్టిగా ముక్కు చీదుకున్నాడు. ప్రహరీ మీంచి జనం చూస్తున్నారు. “బాగా బలిసాయి పిన్నిగారూ!” అని కూరలబండి అతను అన్నరోజున పిన్ని అవసరం లేకపోయినా అతని దగ్గర రెండు కట్టల ఆకుకూర కొంది.

ఆ వార్త ఆడపడుచుకి చేరింది.

సెలవురోజు మధ్యాహ్నం వీధిలో ఆటో ఆగింది. ముందు బుట్ట దిగింది, తరవాత ఆడపడుచు దిగింది. బుట్ట మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద ఏదో గొణుగుతోంది. పెరట్లో పాలిష్ గుడ్డ పట్టుకుని ఉన్న బాబాయి గూటి వెనక్కి తప్పుకున్నాడు. పిన్ని గేటు దగ్గరికి నడిచింది. వెనక పెరట్లో కొత్త కాపురం ఉంది. ఎదురుగా సంత ఉంది.

“మరదలా! పోయినవి పోయాయి, ఏడవకు. రెండు పెట్టల్ని తెచ్చాను. సంతలో అన్నిటికన్నా మంచివి. తలుపు తియ్!”

“వదినా, బోర్డు చదవండి.”

బోర్డు ఈసారి గేటుకి బయటివైపు ఉంది. ఆడపడుచు వీధికంతటికీ వినబడేలా చదివింది. “చెప్పులు విప్పి కాళ్లు ముంచి రావలెను. వేరే కోళ్లను ముట్టుకున్నవారు ఈ రోజుకి రాకూడదు.” చదివి, “ఎవరి గురించే ఇది?” అంది.

“అందరి గురించీ వదినా. నేనూ ముంచుతాను, ఆయనా ముంచుతారు. మా డాక్టరుగారు బూట్లతో సహా ముంచారు.”

“బుట్ట?”

“బుట్ట అసలు రాకూడదు.”

“రాకూడదా? నా తమ్ముడింటికి నేను తెచ్చినది రాకూడదా?” ఆడపడుచు ఒక చేత్తో గేటు పట్టుకుంది. పిన్ని ఇవతల్నుంచి అదే గేటు పట్టుకుంది. ఇత్తడి బిళ్లల వెనక ఇన్నేళ్లు కూర్చున్న చెయ్యి అది, వదల్లేదు. సరిగ్గా అప్పుడు బుట్టలోంచి చిన్న తుమ్ము వినిపించింది.

ఇద్దరూ బుట్ట వంక చూశారు.

“అది తుమ్ము కాదు,” అంది ఆడపడుచు. “ఆటోలో గాలికి వచ్చింది. ప్రయాణం బడలిక.”

ఇంకోసారి వచ్చింది బడలిక.

గూటి వెనక నుంచి బాబాయి వచ్చాడు. చేతిలో పాలిష్ గుడ్డ అలాగే ఉంది. బేసిన్‌లో కాళ్లు ముంచి, గేటు బయటికి వెళ్లి, అక్క పక్కన నిలబడ్డాడు. “అక్కా, బుట్ట ఇలా ఇయ్యి. పశువుల డాక్టరమ్మకి చూపించుకొస్తాను.”

“ఎందుకురా? తుమ్మితే డాక్టరా? చిన్నప్పుడు నువ్వు రోజూ తుమ్మేవాడివి. నిన్ను ఎవరికైనా చూపించానా?”

“చూపించావక్కా. వానలో వీపు మీద వేసుకుని తీసుకెళ్లావు.”

బుట్ట మీద ఆవిడ పట్టు సడలింది. బాబాయి బుట్టని గుండెకి ఆనించుకోకుండా, చేయి చాపి దూరంగా పట్టుకుని, తుమ్ములు వినిపించినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకుంటూ వీధి మలుపు తిరిగిపోయాడు.

ఇద్దరాడవాళ్లూ గేటుకి అటూ ఇటూ మిగిలారు. పిన్ని లోపలికి వెళ్లి వరండాలోని మంచి కుర్చీ తెచ్చి గేటు బయట వేసింది. బేసిన్ తెచ్చి కుర్చీ ముందు పెట్టింది. సబ్బు, చెంబుతో నీళ్లు తెచ్చి ఆడపడుచు చేతులు తనే కడిగించింది. కాఫీ తెచ్చింది. ఆడపడుచు కూర్చుని, కాళ్లు ఊదా నీళ్లలో పెట్టుకుని, కాఫీ తాగింది. గేటు కడ్డీల మధ్యనుంచి పెరడు కాస్త కనబడుతోంది. అక్కడ నిగనిగలాడుతూ కోళ్లు తలుపులో తమతో తామే పోట్లాడుకుంటున్నాయి. ఆకలితో ఉన్నవాళ్లెవరూ అంత ఓపిగ్గా పోట్లాడరు. ఆ సంగతి ఆడపడుచుకీ తెలిసింది. ఆవిడ గొంతు మొదటిసారి చిన్నదైంది.

“బాగానే పెంచుతున్నావే,” అంది.

“మీ తమ్ముడి చేతి గూడు కదా వదినా.”

ఆ దారిన పోతున్న మీటరు చూసే అతను ఆగి, బేసిన్‌నీ కుర్చీనీ చూసి, “మీకూ పడిందా అమ్మా? ఎంత రుద్దినా పోదండి, ఊరికే శ్రమపడకండి,” అని సానుభూతి చెప్పి వెళ్లాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కూరలబండి నెమ్మదించింది. ఆడపడుచు ఒక కాలు నీళ్లలోంచి ఎత్తి చూసుకుంది. పాదం అప్పుడే రంగు మారుతోంది. చిన్నదైన గొంతు మళ్లీ పాత కొలతకి వచ్చేసింది.

“ఏమే, నేను పరాయిదాన్నా? ఇంటి మనిషిని పట్టుకుని, ఇలా నడివీధిలో కుర్చీ వేసి, కాళ్లకి రంగు పూసి, గేటు అవతల కూర్చోబెడతావుటే?”

పిన్ని ఖాళీ గ్లాసు అందుకుని, ఎంతో మర్యాదగా అంది: “పోయినసారి ఆ పుంజుని కూడా ఇంటి మనిషే అనుకున్నాం కదా, వదినా.”